కొసరు – మా సంతల చరిత్రలో ఒక పిడికెడు



"కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ" అని పెద్దల సామెత. తెలుగు పండితునిగా పనిచేసిన కాలంలో ఈ సామెతను ఎన్ని తరగతులకు చెప్పి ఉంటానో లెక్క లేదు. మొదటి సంవత్సరాలలో దీనికి వివరణ అవసరమయ్యేది కాదు, చెప్పగానే పిల్లలు నవ్వేవారు. పదవీ విరమణకు ముందు నాలుగైదేండ్లలో మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. వంకాయ తెలుసు, గుమ్మడికాయ తెలుసు, "కొసరడం అంటే ఏమిటి సార్?" అని అడగసాగారు. ఒక మాట వాడుక నుండి జారిపోయిందంటే ఆ మాట మోసిన పని కూడా జారిపోయి ఉండాలి. ఆ పనిని ఎవరు చేసేవారు, ఎందుకు చేసేవారు, అది ఎక్కడికి పోయింది అని మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమల సంతల చరిత్రలో వెదకడమే ఈ టపా ఉద్దేశం.

ముందుగా మాట సంగతి. కొన్న వస్తువుకు వెల చెల్లించిన తరువాత, అమ్మినవాడు లెక్కలోకి రాకుండా పైన వేసే కొంచెమే కొసరు. క్రియగా వాడితే, ఇంకొంచెం వేయమని గోముగా అడగడం. కడపలో ఉద్యోగం చేసి తెలుగును ప్రేమించిన బ్రౌను దొర 1852లో అచ్చువేసిన తన నిఘంటువులో ఈ మాటను చేర్చాడు. తమిళులు దీనిని "కొసుఱు" అంటారు, కన్నడిగులు కూడా "కొసరు" అనే అంటారు. మూడు భాషలు కలిసే కుప్పంలో సంతకు వెళ్లినవాడు ఏ భాషలో బేరం మొదలుపెట్టినా, చివరకు వచ్చేసరికి ముగ్గురికీ ఒకే మాట చాలు. భాషాశాస్త్రం ఎరుగని అవ్వలు శతాబ్దాలుగా దాచిపెట్టిన ఉమ్మడి ఆస్తి ఇది.

ఇక సీమ సంగతి. మా మూడు ఊళ్లూ సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైబడిన మెరక మీద ఉన్నవి. కనుమలకు ఎగువనున్న ఈ నేలను వెనుకటి పాలకులు బాలాఘాటు అనీ, దిగువన చిత్తూరు, వేలూరు వైపు నేలను పాయీంఘాటు అనీ వ్యవహరించేవారు. వానలు తక్కువ, చెరువులు ఎక్కువ, రాగి, చెనక్కాయ, అనపకాయ, చింత, చెరకు మా పంటలు. మదనపల్లె 1800లో కుంఫిణీ వారి చేతికి వచ్చిన దత్తమండలాలలోనిది, చాలాకాలం కడప జిల్లాలో ఉన్నది. పుంగనూరు ఒక జమీందారీ. కుప్పం కంగుంది జమీందారీలోని ఊరు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ మూడూ ఒకే జిల్లాలోకి చేరాయి. 1948 నాటి చట్టంతో జమీందారీలు పోయాయి. 2022లో జిల్లాలను మళ్లీ విభజించినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. ఇలా పాలకుల గీతలు మారుతూనే ఉన్నాయి. సంతకు వచ్చేవాడికి ఈ గీతలతో పని లేదు. వాడికి కావలసినదల్లా ఏ వారం ఏ ఊరి సంత అన్న లెక్క ఒక్కటే.

మదనపల్లె దగ్గర అంగళ్లు అని ఒక ఊరున్నది. అంగడికి బహువచనం అంగళ్లు. దుకాణాల పేరే ఊరి పేరుగా నిలిచిందంటే కొనుగోలు, అమ్మకం ఈ సీమలో ఎంత పాతవో ఊహించవచ్చును. విజయనగర రాజుల కాలంలో సంత ఒక పెద్ద వ్యవస్థ. 1520 ప్రాంతంలో ఆ రాజధానిని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్ అక్కడ ప్రతి సాయంత్రమూ కూడే సంతను వర్ణించాడు. 1800 ఏప్రిల్‌లో మదరాసు నుండి బయలుదేరిన ఫ్రాన్సిస్ బుకానన్ నాయకనేరి కనుమ ఎక్కి, నేడు మనం వి.కోట అని పిలుచుకునే వెంకటగిరికోట మీదుగా మైసూరు దేశంలోకి వెళ్లాడు. ఆయన యాత్రాగ్రంథం 1807లో మూడు సంపుటాలుగా వెలువడింది. అడుగడుగునా ఆ ఊరి తూకాలేమిటి, కొలతలేమిటి అని వ్రాసుకుంటూ పోవడం ఆ గ్రంథమంతటా కనిపిస్తుంది. ఆ శ్రమ ఊరికే పడలేదు. ఒక ఊరి సేరు మరో ఊరి సేరు కానప్పుడు, వెల ఎంతో తెలిసినా సరుకు ఎంతో తెలిసేది కాదు. పైగా సరుకు బండి కదిలితే చాలు, దారి పొడవునా సుంకాలు. మదరాసు రాజధానిలో ఈ దారి సుంకాలను 1844లో రద్దు చేశారు. సంత లోపలి సుంకం మాత్రం వేరే రూపంలో మిగిలింది. సంతలో రుసుము వసూలు చేసుకునే హక్కును ఏటేటా వేలం వేయడం, పాడుకున్న గుత్తేదారు మనుషులు గంపకు ఇంత, తలకు ఇంత అని చీటీ చింపడం మనందరం చూసినదే.

కొసరును అర్థం చేసుకోవాలంటే ఆ కొలతలను కొంచెం తెలుసుకోవాలి. మదరాసు లెక్కలో మూడు తులాలు ఒక పలం. ఎనిమిది పలాలు, అంటే ఇరవైనాలుగు తులాలు ఒక కచ్చా సేరు. ఐదు సేర్లు ఒక వీశ, ఎనిమిది వీశలు ఒక మణుగు. నేటి లెక్కలో వీశ అంటే 1,400 గ్రాములు, మణుగు పదకొండు కిలోల పైచిలుకు. రైలు కచేరీలో మణుగు అంటే మళ్లీ వేరు. అది నలభై పక్కా సేర్ల మణుగు, మన మణుగుకు మూడింతలకు మించినది. ధాన్యానికి తూకం లేదు, కొలతే. పడి, అరపడి, పావుపడి ఇంటింటా ఉండేవి. కన్నడ సీమకు దగ్గరి పల్లెలలో బళ్ళ అనే కొలత కూడా నడిచేది.

ఈ కొలతలలోనే కొసరు దాగి ఉన్నది. పడిని రాగులతో నింపి పైన కర్రతో గీచి సమం చేస్తే అది తలగొట్టిన కొలత. గీయకుండా గోపురంలా నిలిపి పోస్తే మరో పిడికెడు అదనం. పడికి వెల ఒకటే, గోపురం ఎంత ఎత్తు నిలుస్తుందన్నది పోసే చేతిని బట్టి ఉంటుంది. కూరగాయలను తూచే తక్కెడలోనూ అంతే. ముల్లు నిటారుగా నిలిస్తే న్యాయం. సరుకు పళ్లెం కొంచెం కిందికి వాలితే దాన్ని మొగ్గు అంటారు. ఆ మొగ్గు కొన్నవాడికి చెందుతుంది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను "ఒకటి" అనరు, "లాభం" అంటారు. తరువాత రెండు, మూడు. ఏడు వచ్చేసరికి "ఆరున్నొకటి" అనేవారూ ఉన్నారు, ఏడు అంటే ఏడుపు ధ్వనిస్తుందని. అంకెలు చెప్పేటప్పుడు కూడా ఎదుటివాడి ఇంటి శుభం తలచుకున్న కొలత అది. కొలత పూర్తయిన తరువాత దోసిట పట్టి పైన పోసేదే కొసరు.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అంతకు ముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు దమ్మిడీలు. కొత్త లెక్కలో అణాకు ఆరుంబాతిక పైసలు రావాలి. పావు పైసా నాణెం లేదు గనుక అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, నాలుగణాలకు ఇరవైయైదు అని ప్రభుత్వం పట్టిక ఇచ్చింది. మా నాయనమ్మకు బడి చదువు లేదు. కానీ మూడు ఆకుకూర కట్టలు ఒకచోట కొంటే పంతొమ్మిది, మూడుచోట్ల ఒక్కొక్కటి కొంటే పద్దెనిమిది అని ఆమె మొదటి వారంలోనే కనిపెట్టిందని మా నాయన చెప్పేవారు. పైగా మూడుచోట్ల కొంటే మూడు కొసర్లు! ఆ తరువాత తూకాలు మారాయి. 1956 నాటి తూనికలు, కొలతల చట్టాన్ని అనుసరించి 1958 నుండి మెట్రిక్ తూకాలు ప్రవేశించి, 1960ల ఆరంభానికి తప్పనిసరి అయ్యాయి. వీశ ఏడు రూపాయలైతే కిలో ఐదు రూపాయలని లెక్క కట్టగలిగినవాడు నిలదొక్కుకున్నాడు. లెక్క కట్టలేనివాడు కొంతకాలం నోరు మూసుకుని చెప్పినంత ఇచ్చాడు.

మెట్రిక్ తూకాలు మంచివే. ఊరికొక సేరు ఉన్న కాలంలో మోసపోయినవారిలో ఎక్కువమంది బీదవారే. ఆ సంస్కరణను నేను ఏనాడూ తప్పుపట్టలేదు. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. తూకం మారినా కొసరు పోలేదు. నా బాల్యంలో, అంటే 1960ల చివరిలో, కిలోరాళ్లు వాడుతున్న సంతలో కూడా కొసరు దివ్యంగా బ్రతికి ఉండింది. "ఏమవ్వా, కొసరు వేయవా?" అంటే, "నీకు కాకపోతే ఎవరికి నాయనా" అని అవ్వ నాలుగు ఎర్రగడ్డలు సంచిలో వేసేది. మిరపకాయలు కొంటే కరివేపాకు, బెల్లం కొంటే ఆకులో అంటుకున్న పాకం ముద్ద, చెనక్కాయలు కొంటే వెంట వచ్చిన పిల్లవాడి జేబుకు ఒక గుప్పెడు. కనుక కొసరును చంపింది కిలోరాయి కాదు. మరి ఎవరు?

దానికి జవాబు వెదికే ముందు, అమ్మేవాడు కొసరు ఎందుకు ఇచ్చేవాడో చూడాలి. దానగుణం అని సులభంగా చెప్పవచ్చును గాని అది పూర్తి నిజం కాదు. సంత వారానికొకసారి కూడుతుంది. ఈ వారం కొన్నవాడు వచ్చే వారం వస్తాడు. అమ్మినవాడు అదే చెట్టు కింద, అదే గోనెపట్టా పరచుకుని కూర్చుంటాడు. మోసం చేస్తే ఏడు రోజులలో ఎదురుపడక తప్పదు. బేరమాడేటప్పుడు ఇద్దరూ ప్రత్యర్థులే. ఒకడు పది అంటాడు, మరొకడు ఆరు అంటాడు, ఎనిమిదికి తెగుతుంది. ఆ తెగినచోట మిగిలిన చిన్న నొప్పిని కొసరు మాన్పుతుంది. ఇచ్చినవాడి గౌరవం నిలుస్తుంది, పుచ్చుకున్నవాడికి గెలిచిన తృప్తి మిగులుతుంది. సంతలో కాలానికి కూడా ఒక ధర ఉండేది. ఉదయం బోణీ వేళ అమ్మేవాడు బేరం పోనివ్వడు. మధ్యాహ్నం గట్టిగా నిలబడతాడు. సంత విడిచే వేళకు మిగిలిన సరుకును తిరిగి మోసుకుపోలేక రాశులుగా పోసి అమ్మేస్తాడు. కూలి చేసుకుని పొద్దుగూకి వచ్చినవారికి ఆ వేళే సంత. చౌక అన్న మాటకు ఆనాడు అర్థం అది. బీదవాడి వేళకు సరిపోయిన వెల అన్నమాట.

పుంగనూరు వైపు పశువుల సంతలలో బేరం మాటలతో సాగదు. దళారి ఒక తుండుగుడ్డను చేతిపై కప్పుతాడు. దాని కింద అమ్మేవాడి వేళ్లను పట్టి నొక్కుతాడు. ఒక వేలికి ఇంత అని ముందే అనుకుని ఉంటారు. చుట్టూ వందమంది నిలబడినా వెల ఎంతో ఆ చేతులకే తెలుస్తుంది. అంతకు ముందు పశువు నోరు తెరచి రెండు పళ్లదో, నాలుగు పళ్లదో, ఆరు పళ్లదో చూడటం, సుళ్లు చూడటం, నడిపించి చూడటం ఒక పెద్ద పరీక్ష. బర్రెను నీళ్లలో ఉంచి బేరమాడినట్లు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

పుంగనూరు ఆవు ఈ సీమ సొంత సరుకు. పుంగనూరు, మదనపల్లె, వాయల్పాడు, పలమనేరు ప్రాంతాలలో పుట్టి పెరిగిన జాతి ఇది. ప్రపంచంలోని పొట్టి పశుజాతులలో ఒకటి. ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుండి 200 కిలోలు. పాలు కొద్దిగానే ఇస్తుంది గాని వెన్న శాతం ఎనిమిది వరకు ఉంటుందంటారు. మా కరవు సీమలో దీనికి విలువ ఎందుకంటే, గుప్పెడు గడ్డితో బ్రతుకుతుంది. ఎకరం మెట్ట ఉన్న రైతుకు ఇదే లక్ష్మి. పాడి ఆవును అమ్మేటప్పుడు పాలు తాగే దూడను వెంట తోలేవారు. దూడకు విడిగా వెల కట్టడం ఉండేది కాదు. "తల్లీబిడ్డలకు లెక్కలేమిటి" అని మా తాత అనేవాడు. ఆ దూడే పశువుల సంతలో కొసరు.

ఎక్కువ పాలిచ్చే సంకరజాతి ఆవులు వచ్చిన తరువాత పుంగనూరు ఆవు మా కొట్టాల నుండి కనుమరుగు కాసాగింది. పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం పట్టుదలగా కాపాడకపోతే ఈ జాతి గతి ఏమయ్యేదో. తరువాత కాలం తిరిగింది. గోదావరి జిల్లాలలో ఈ జాతిని ఇంకా పొట్టిగా అభివృద్ధి చేశారు. 2024 సంక్రాంతి నాడు దేశ ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత తినిపిస్తున్న చిత్రాలు దేశమంతటా వచ్చాయి. ఇప్పుడు ఒక్కొక్క ఆవు లక్షల రూపాయలు పలుకుతున్నది. పొట్టిదైన కొద్దీ వెల పెరుగుతున్నది. గడ్డి తక్కువ తింటుందని బీదవాడు పెంచుకున్న ఆవును, ఇంటిముందు పచ్చిక మీద ముద్దుగా ఉంటుందని సంపన్నుడు కొంటున్నాడు. జాతి బ్రతికింది, అది సంతోషమే. కానీ పుంగనూరు రైతు పుంగనూరు ఆవును కొనగలిగే స్థితిలో లేడు. దూడకు ఇప్పుడు విడిగా వెల ఉన్నది. అది తల్లి వెలకంటే తక్కువేమీ కాదు.

కుప్పం కథ వేరు. జోలార్‌పేట నుండి బెంగళూరుకు 1864లో వేసిన రైలుమార్గం మీద కుప్పం ఉన్నది. మదనపల్లె, పుంగనూరు ఎద్దుల బండిని నమ్ముకున్న కాలంలోనే కుప్పానికి పొగబండి వచ్చింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనులలో అడుగుపెట్టిన తరువాత కుప్పం సరుకుకు కొత్త బేరం తగిలింది. గనులలో పనిచేయడానికి తమిళ సీమ నుండి, మా చిత్తూరు సీమ నుండి వేలమంది వెళ్లారు. భూగర్భంలో పనిచేసేవాడు కూరగాయలు పండించలేడు. పైన ఉన్న పల్లెలే వాడికి పెట్టాలి. మూడు భాషల మనుషులు, మదరాసు పడి, మైసూరు సేరు, రైలు మణుగు, అన్నీ ఈ సరిహద్దులో ఒకదానినొకటి ఒరుసుకున్నాయి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కూరలు, పూలు మోసుకుని తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరు వెళ్లే అలవాటు నిలిచింది. ఇక్కడే కొసరుకు మొదటి దెబ్బ తగిలిందని నా అభిప్రాయం. గంప రైలెక్కి పెద్ద ఊరికి పోయిన తరువాత, కొన్నవాడు మళ్లీ కనిపించడు. వచ్చే వారం ఎదురుపడతామన్న భయమూ లేదు, ఆశా లేదు. అక్కడ బేరం ఉన్నది, కొసరుకు చోటు లేదు.

మదనపల్లెలో ఆ దెబ్బ సంపూర్ణమయింది. దానికి ముందు నీరుగట్టువారిపల్లె గురించి ఒక మాట. మదనపల్లెలోని ఆ పేట పట్టుచీరలకు ప్రసిద్ధి. అక్కడి మగ్గాల చప్పుడు వింటూ ఆ వీథులలో నడవడం నాకు ఇష్టం. నేతగాని బ్రతుకులో "తరుగు" అనే మాట చాలా ముఖ్యం. సావుకారు ముడిపట్టును తూచి ఇస్తాడు. పట్టుదారానికి పైన సహజంగా ఒక జిగురు ఉంటుంది. దానిని ఉడికించి తీసేస్తే గాని మెరుపు రాదు. ఆ జిగురు పోయేసరికి బరువులో సుమారు నాలుగవ వంతు తగ్గుతుంది. ఇది న్యాయమైన తరుగు, ప్రకృతి తీసుకునేది. లెక్క ఇద్దరికీ తెలుసు. ఆ లెక్కకు మించి తరుగు చూపితే నేతగానికి నష్టం, లెక్కలో లేని తరుగును సావుకారు కోస్తే అది అన్యాయం. కొసరు, తరుగు రెండూ లెక్కకు ఇవతలా అవతలా ఉండే మాటలు. ఒకటి ఇష్టంతో ఇచ్చేది, మరొకటి వస్తువు స్వభావం వల్ల పోయేది.

ఇప్పుడు టమోటా దగ్గరికి వద్దాం. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోని పెద్దవాటిలో ఒకటి. దక్షిణ అమెరికా కొండలలో పుట్టి, మెక్సికో వారి నోట పేరు పెట్టించుకుని, సముద్రాలు దాటి వచ్చిన ఈ పండు, చల్లని మా మెరక నేలలో స్థిరపడింది. పంట లారీల మీద ఇతర రాష్ట్రాలకు పోతుంది. 2023 జులైలో ఇక్కడ కిలో నూట యాభై రూపాయలు దాటి పలికింది. అంతకు ముందూ, ఆ తరువాతా, కిలో రెండు మూడు రూపాయలకు పడిపోయి, కోత కూలి గిట్టక రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసిన రోజులు అనేకం. ఇక్కడ రైతు అమ్మేవాడే గాని వెల చెప్పేవాడు కాదు. వేలంపాటలో వెల వేరొకరు చెబుతారు. మండీవారి కమీషను ఉంటుంది, హమాలీ ఉంటుంది. వీటన్నిటికీ తోడు తరుగు. దెబ్బతిన్నవి, పచ్చివి, నీరుకారినవి ఉంటాయి గనుక ఇన్ని బాక్సులకు ఇన్ని అని మినహాయించడం. ఈ అలవాటుపై టమోటా రైతులు ఏళ్ల తరబడి ఆక్షేపణ చెబుతూనే ఉన్నారు. సరైన తూకం, బహిరంగమైన వేలం రైతుకు దక్కాలనే 1966లో మార్కెట్ల చట్టం వచ్చింది. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. చట్టాలు మంచివే. అయినా తరుగు పోలేదు.

నేను చెప్పదలచుకున్న మాట ఇదే. కొసరు చావలేదు, చేయి మారింది. ఒకనాడు అమ్మేవాడు ఇష్టపడి కొనేవాడికి ఇచ్చిన పిడికెడు, నేడు కొనేవాడు అమ్మేవాడి నుండి అడగకుండా తీసుకునే బాక్సు అయింది. అవ్వ వేసిన నాలుగు ఎర్రగడ్డలకూ, మండీలో కోసిన నాలుగు బాక్సులకూ తేడా పరిమాణంలో లేదు. ఇవ్వను అనగలిగే హక్కు అవ్వకు ఉండింది. ఆ హక్కు ఉన్నందువల్లనే ఆమె ఇచ్చినది కొసరయింది. రైతుకు ఆ హక్కు లేదు గనుక అది తరుగయింది. బలం ఎటు ఉంటే మొగ్గు అటు వాలుతుంది. తక్కెడ ధర్మమే అది, కాకపోతే వెనుకటి సంతలో రెండు పళ్లాలూ ఇంచుమించు సమానంగా ఉండేవి.

ఆ మధ్య నా పూర్వ విద్యార్థి ఒకడు, బెంగళూరులో ఉద్యోగం, భార్యతో కలిసి బాలి ద్వీపానికి సెలవులకు వెళ్లి వచ్చి నన్ను చూడవచ్చాడు. చెక్కతో మలచిన చిన్న గరుత్మంతుని బొమ్మ తెచ్చి ఇచ్చాడు. చాలా అందమైన పనితనం. "వాళ్లు చెప్పిన ధరలో మూడో వంతుకు తెచ్చాను సార్, మన సంతలో నేర్చిన విద్యే" అన్నాడు. నేను నవ్వి, "కొసరు ఏమిచ్చారు?" అని అడిగాను. "కొసరా? మళ్లీ వాళ్ల మొహం చూసేది ఉందా సార్, ఎందుకిస్తారు?" అన్నాడు. వాడు తెలియకనే అసలు సూత్రం చెప్పాడు. యాత్రికుడి బేరానికి వచ్చే వారం లేదు. అమ్మేవాడు మూడింతలు చెబుతాడు, కొనేవాడు మూడో వంతు అడుగుతాడు, ఇద్దరూ ఎదుటివాడిని ఓడించాననుకుని విడిపోతారు. మా హార్సిలీ కొండకు వేసవిలో చల్లదనం కోసం వచ్చేవారి కొనుగోళ్లూ ఇంతే. ఎవరినీ తప్పుపట్టను. ఊరుగాని ఊరిలో బేరం అలాగే ఉంటుంది.

అయితే ద్వీపాలలో కొసరు లేదనుకోవద్దు. కరేబియను సముద్రంలోని ట్రినిడాడు ద్వీపంలో అంగడివాడు పైన వేసే అదనాన్ని "లాన్యాప్" అంటారు. అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరంలోనూ ఇదే మాట. మార్క్ ట్వేను 1883లో వెలువడిన తన మిసిసిపీ నది పుస్తకంలో ఈ మాటను ముచ్చటగా ప్రస్తావించాడు. స్పానిషు వారి నోటి మీదుగా వచ్చిన ఈ మాటకు మూలం దక్షిణ అమెరికా కొండజాతుల కెచువా భాషలోని "యాప". ఆ కొండల నుండే టమోటా కూడా బయలుదేరింది. మాటను దారిలో ద్వీపాల వాళ్లు నిలుపుకున్నారు, పండు మాత్రం మా మదనపల్లె దాకా వచ్చింది. వారంవారం ఎదురుపడే మనుషులున్న ప్రతిచోటా ఏదో ఒక పేరుతో కొసరు పుట్టిందని దీనివల్ల తెలుస్తున్నది.

నేటి అంగళ్లలో పొట్లం మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చువేసి ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాటా గ్రాములతో సహా చెబుతుంది, అందులో మొగ్గు కనిపించదు. పళ్లపొడి గొట్టం మీద "ఇరవై శాతం అదనం" అని ఎర్ర అక్షరాలతో అచ్చు ఉంటుంది. ఆ అదనాన్ని వేసిన చేయి ఎవరిదో మనకు తెలియదు, మనమెవరమో ఆ చేతికి తెలియదు. అది కొసరు పేరు పెట్టుకున్న ప్రకటన. ఇంకొక విచిత్రం గమనించండి. అచ్చు ధర ఉన్నచోట నోరెత్తని మనం, బుట్ట దగ్గర కూర్చున్న ముసలమ్మతో మాత్రం ఐదు రూపాయలకు వాదిస్తాం. ఆమె ఒక్కతే మన మాటకు మాట చెబుతుంది గనుక. మన బేరమంతా అక్కడే తీర్చుకుంటాం.

ఆమె దగ్గర బేరమాడవద్దని నేను ఎవరికీ నీతులు చెప్పను. బేరమాడకుండా అడిగినంత ఇచ్చి వెళ్లిపోవడం కూడా ఆమెను బిచ్చగత్తెగా చూసినట్లే అవుతుంది. బేరమాడండి. తెగిన తరువాత కొసరు అడగండి. వచ్చే వారం మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లండి. కొసరును బ్రతికించేది ఆ మూడవ పనే. పిల్లలను కూడా వెంట తీసుకుని వెళితే, రేపు ఏ పంతులుగారైనా సామెత చెప్పినప్పుడు వివరణ అవసరం ఉండదు.

మీ మీ ఊళ్లలో కొసరును ఏమనేవారో, ఏ సరుకుకు ఏది కొసరుగా వేసేవారో తెలియజేయగలరు. కోస్తా, తెలంగాణ మిత్రులు తమ కొలతల పేర్లు కూడా వ్రాస్తే మరింత సంతోషిస్తాను.